ఇరవై మాటల బావ

ఆ పెన్నుల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ ఇరవై మాటల బావ అనే పిలుస్తారు. బావ ఎందుకంటే, ఆయన భార్య అక్కడే మూడో బల్ల దగ్గర పనిచేస్తుంది, ఆవిడ అందరికీ అక్క. అక్క మొగుడు బావ కాక మరేమవుతాడు? ఇక ఇరవై మాటలంటారా, మనిషి నోరు విప్పడు గానీ పొద్దున్నించి సాయంత్రం దాకా ఇరవయ్యేసి మాటల చొప్పున రాస్తూనే ఉంటాడు. జీతం ఇచ్చేదే అందుకు.

ఆ ఉద్యోగం సంగతి కాస్త చెప్పుకోవాలి. పొడుగాటి రేకుల షెడ్డు, అందులో ఆరు బల్లలు, ఒక్కో బల్లకి నలుగురు ఆడవాళ్ళు. ఒకరు గొట్టంలో స్ప్రింగు వేస్తారు, ఒకరు రీఫిల్లు దూరుస్తారు, ఒకరు మూత బిగిస్తారు, నాలుగో మనిషి మీట నొక్కి టిక్కుమంటోందో లేదో చూసి పెట్టెలో పేరుస్తుంది. పెట్టె నిండగానే షెడ్డు చివర కిటికీ పక్కన కూర్చున్న బావ దగ్గరికి వస్తుంది. బావ చూపు కిటికీ వైపు తిప్పేసి, పెట్టెలో చెయ్యి పెట్టి, అడుగునొకటి అంచునొకటి ఇరవై పెన్నులు తీస్తాడు. చూస్తూ తీస్తే మంచివే ఏరతామని ఆయన భయం. చీటీ మీద ఒక్కో పెన్నుతో ఒక్కో మాట రాస్తాడు. రాయని పెన్ను వచ్చిన చోట ఖాళీ వదిలేస్తాడు. రెండు ఖాళీల దాకా ఫరవాలేదు, పెట్టె పాసు. మూడో ఖాళీ వచ్చిందంటే పెట్టె వాపసు. అప్పుడా బల్లవాళ్ళు పెట్టెడు పెన్నులూ విప్పి, ఒక్కో రీఫిల్లూ వెలుతురుకి పెట్టి చూసుకోవాలి. నడుములు పడిపోతాయి.

గీసిన పెన్ను మళ్ళీ అమ్మకానికి పోకూడదు. అందుకని పాసైన పెట్టె కూడా ఇరవై ఖాళీ గళ్ళతో, బావ రాసిన చీటీతో సహా బల్లకి తిరిగొస్తుంది. అక్కడ ఇరవై కొత్త పెన్నులు పెట్టి మూత అంటిస్తారు.

మిగతా పరీక్షలవాళ్ళయితే ఏ సున్నాలో చుట్టి ఊరుకునేవారు. బావ అలా కాదు. రాయడమంటూ చేశాక అర్థం ఉండాలంటాడు. ఒకటో బల్ల చీటీలో ఆకాశం సంగతి రాస్తాడు, రెండో బల్లకి వీధి మలుపులో గుంత పూడ్చారని రాస్తాడు. మూడో బల్లకి మాత్రం ఇంటి సంగతులే. ఇంట్లో నోరు మెదపని పెద్దమనిషి, సబ్బు అయిపోయిందని, పై గది కిటికీ బిగుసుకుపోయిందని, నిన్నటి కూర బాగుందని అక్కకి ఫ్యాక్టరీ చీటీలోనే చెప్పుకుంటాడు. మూడో బల్ల నలుగురూ వంతులవారీగా చదివి, ఆ సంసారాన్ని తలా కాస్తా మోస్తారు.

ఒకసారి 'సాయంత్రం మీ' తర్వాత ఖాళీ పడింది. ఆ తర్వాత 'వస్తున్నాడు, కూర కాస్త ఎక్కువ వండు' అని ఉంది. వచ్చేది బాబాయా, మేనమామా, మరిదా అని బల్లంతా మధ్యాహ్నం వరకూ వాదించుకుంది. కళ్ళద్దాల అత్త అయితే బాబాయే అని పందెం కాసింది. తీరా చూస్తే వచ్చింది అక్క తమ్ముడు, కాలేజీలో లెక్కలు చెప్పే మేష్టారు. అక్కకి తమ్ముడంటే ప్రాణం. బావకి మాత్రం వాడొస్తే కాస్త బెరుకు, చెయ్యి కడుక్కునే లోపు ఏదో ఒక లెక్క మొదలుపెడతాడని.

సంసారం ఇలా చీటీల మీద సాఫీగా సాగిపోతుండగా కొత్త మేనేజర్ వచ్చాడు. కుర్రాడు, చెడ్డవాడేం కాదు, అందరినీ మీరు అంటాడు. వాపసు పెట్టెలు ఎక్కువైపోతున్నాయని అతని బాధ. ఒకరోజు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"ఈ నెలంతా లెక్క చూద్దాం. ఏ బల్లకి ఎక్కువ వాపసులు వస్తే ఆ బల్ల తీసేస్తాను. ఆ నలుగురినీ రోడ్డు అవతల గోడౌనుకి, తలో మూలకి పంపిస్తాను. రెండు బల్లలకి సమానంగా వస్తే ఎవరినీ ముట్టుకోను. న్యాయమే కదా?"

న్యాయంగానే వినిపించింది. బావ కూడా తలూపాడు. తర్వాత తన కుర్చీలో కూర్చున్నాక గానీ ఆయన బుర్రకి తట్టలేదు, మూడో బల్ల తీసేస్తే అక్క రోడ్డు అవతలికి పోతుందని, గోడౌనుకి చీటీలు వెళ్ళవని. అప్పటిదాకా ఇరవయ్యేసి మాటలుగా చెప్పుకున్నదంతా ఇక ఎవరికి చెప్పుకోవాలి? నోటితో చెప్పడం ఆయనకి చేతకాదు. ఆ మధ్యాహ్నం ఆయనకి భయం వేసింది.

నెల గడిచే కొద్దీ ఆ భయం నిజమయ్యేలా కనిపించింది. ఎందుకో ఏమిటో గానీ మూడో బల్ల పెట్టెలు ఎక్కువగా వాపసు పోతున్నాయి. రెండో బల్లకి ఏడే వచ్చాయి, అయిదో బల్లకి పదమూడు, మూడో బల్లకీ పదమూడు. అలా నెల ఆఖరి రోజు సాయంత్రం మూడో బల్ల నుంచి ఆఖరి పెట్టె వచ్చింది.

బావ రాయడం మొదలుపెట్టాడు. నాలుగో మాట దగ్గర ఒక ఖాళీ. పదకొండో మాట దగ్గర ఇంకోటి. పంతొమ్మిదో పెన్ను కాగితం మీద పెట్టి గీశాడు, గీరుకుంది తప్ప సిరా దిగలేదు. ఊపిరి ఊది మళ్ళీ గీశాడు. లేదు. బావ అటూ ఇటూ చూశాడు. ఎవరి పనిలో వాళ్ళున్నారు. ఆ చీటీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పెట్టెలో మళ్ళీ చెయ్యి పెట్టి ఇంకో ఇరవై తీశాడు. ఈసారి ఒక్కటే ఖాళీ. పాసు ముద్ర కొట్టి పంపించేసి, పెద్ద గండం గట్టెక్కినట్టు కిటికీలోంచి ఆకాశం చూస్తూ కూర్చున్నాడు.

పాపం, అన్నీ ఆలోచించాడు గానీ గళ్ళ సంగతి మర్చిపోయాడు. అక్క ఎప్పటిలాగే ఇరవై పెన్నులు దోసిట్లో తెచ్చి పెట్టెలో గుచ్చింది. అవి అయిపోయాయి, గళ్ళు మాత్రం అయిపోలేదు. ఒకసారి పెట్టె వంక, ఒకసారి కిటికీ వంక చూసింది. పెట్టెని చంకన పెట్టుకుని నేరుగా బావ దగ్గరికి వచ్చి, పక్కవాళ్ళకి వినపడకుండా అడిగింది.

"ఇది రెండుసార్లు చూశారా?"

బావ చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"అయిదో బల్ల పెట్టెలు ఎన్నిసార్లు చూశారు?"

"ఒక్కసారే."

"మరి మాది?"

"నీ చెయ్యి ఎలాంటిదో నాకు తెలుసు కదే..."

"నా చెయ్యి మీకు తెలుసు. వాళ్ళ చెయ్యి వాళ్ళ మొగుళ్ళకి తెలుసు. వాళ్ళ మొగుళ్ళు ఈ కుర్చీలో లేరు, అంతే తేడా. ముద్ర కొట్టేయండి, వాపసు ముద్ర."

బావ జేబులోంచి మొదటి చీటీ తీసి వాపసు ముద్ర కొట్టాడు. ముద్ర వంకరగా పడింది. మూడో బల్లకి పద్నాలుగు. సాయంత్రం మేనేజర్ వచ్చి, పది రోజుల్లో మూడో బల్ల తీసేస్తానని చెప్పాడు. కళ్ళద్దాల అత్త కొంగుతో అద్దాలు తుడుచుకుంది, మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది. అక్క మాత్రం కళ్ళ నీళ్ళు పెట్టుకోలేదు. బావతో మాట్లాడటం మానేసింది.

అక్కకి కోపం వస్తే గోడలకి పని. "అన్నం పెట్టి ఉంది" అని గోడకి చెబుతుంది. "తలుపు వేసుకోవాలి" అని గడపకి చెబుతుంది. ఫ్యాక్టరీకి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ముందు ముందు నడుస్తుంది, వెనక బావ సంచి పట్టుకుని. ఆయనకి కోపగించుకునే మొహం కూడా లేదు. తప్పు చేశాడు. చేసీ బల్లని కాపాడలేకపోయాడు. రెండూ కలిసి ఆయన్ని కూర్చోనివ్వడం లేదు, నిలబడనివ్వడం లేదు.

ఆదివారం తమ్ముడు మేష్టారు వచ్చాడు. అక్క గోడతో మాట్లాడుతుంటే విని, బావని వరండాలోకి లాక్కెళ్ళాడు.

"ఏం చేశావు బావా?"

బావ చెప్పాడు. అంత పొడుగు సంగతి నోటితో చెప్పడం పెళ్ళయ్యాక అదే మొదలేమో. మేష్టారు విని, అలవాటు కొద్దీ ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ప్రతి పెట్టెలోంచీ ఇరవయ్యేనా?"

"ఇరవయ్యే. ఎక్కువా లేదు, తక్కువా లేదు."

"ఒక్కో పెన్నుకి రెండే ఫలితాలు కదా, రాస్తుంది లేదా రాయదు?"

"అంతే. గీరుకుంటూ రాసినా రాయనట్టే లెక్క."

"ఒకటి రాయకపోతే పక్కది కూడా అలిగి రాయడం మానేస్తుందా?"

"పెన్నులు మీ అక్కలాంటివి కావురా. దేని బతుకు దానిదే."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

"అసలెందుకు రాయవు బావా? అక్కావాళ్ళు సరిగ్గా బిగించకా?"

"కాదు కాదు. బిగింపు వదులైతే టిక్కుమనదు, అక్కడే ఏరేస్తారు. రాయనివన్నీ రీఫిల్లులో సిరా తెగినవే. అవి బయటినించి గోనెల్లో వస్తాయి. అన్నీ ఒకే డ్రమ్ములో పోసి కలుపుతారు. ఆరు బల్లలవాళ్ళూ ఆ డ్రమ్ములోంచే దోసిళ్ళతో తీసుకెళ్తారు."

మేష్టారు కళ్ళు మెరిశాయి. లెక్క దొరికినప్పుడు అతని మొహం అలాగే ఉంటుంది, ఆకలి మీదున్నవాడికి విస్తరి కనపడ్డట్టు.

"అయితే ఇది అచ్చమైన ద్విపద విభాజనం."

"ద్విపదంటే పద్యం కాదూ?"

"ఇది వేరే ద్విపద. ఎన్నిసార్లు చూస్తావో ముందే ఖాయం. ప్రతిసారీ అవునో కాదో, మూడోది లేదు. ప్రతిసారీ అవకాశం ఒకటే. ఒకదాని ఊసు ఒకదానికి పట్టదు. ఈ నాలుగూ కుదిరితే చాలు, ఎన్ని ఖాళీలు ఎంత తరచుగా వస్తాయో లెక్క చెప్పేస్తుంది. సగటున చీటీకి ఎన్ని ఖాళీలు వస్తాయి నీకు?"

"ఒకటి."

"అంటే ఇరవైకొకటి పాడు. మరి ప్రతి చీటీలోనూ సరిగ్గా ఒక్కటే వస్తుందా?"

"రాదు. అసలు ఖాళీ లేనివి బోలెడు. ఒక్క ఖాళీవీ దాదాపు అన్నే ఉంటాయి."

"చూశావా, నీ చేతికి తెలుసు. ఒక పెన్ను రాసే అవకాశం వందకి తొంభై అయిదు. దాన్ని దానితోనే ఇరవై మార్లు గుణించు, వందకి ముప్పై ఆరు దాకా తేలుతుంది. అవి ఖాళీ లేని చీటీలు. ఇక ఒక్క ఖాళీ. ఫలానా పెన్నే రాయకపోవడం అరుదు. కానీ ఆ రాయనిది మొదటిదైనా కావచ్చు, ఏడోదైనా కావచ్చు, ఇరవయ్యోదైనా కావచ్చు. ఇరవై దారులున్నాయి రావడానికి. దారులన్నీ కలిపితే ముప్పై ఎనిమిది దాకా అవుతుంది. రెండు ఖాళీలవి పంతొమ్మిది. ఇక మిగిలినవి ఏడో ఎనిమిదో. అవి మూడూ ఆపైనా. అవే నీ వాపసులు."

"చెయ్యి ఎంత మంచిదైనానా?"

"రీఫిల్లు పాడుకి చెయ్యి ఏం చేస్తుంది? నెలకి బల్లకి ఎన్ని పెట్టెలు?"

"నూట ముప్పై దాకా."

మేష్టారు వేళ్ళ మీద ఏదో వేసుకున్నాడు. పెట్టెల మీదా అదే లెక్క నడుస్తుందన్నాడు, పాసో వాపసో కాబట్టి.

"సగటున పది వాపసులు. దానికి అటో మూడు, ఇటో మూడు మామూలు ఊగిసలాట. ఆరు బల్లలున్నప్పుడు ఒకదానికి ఏడు రావడం, ఇంకోదానికి పద్నాలుగు రావడం వింత కాదు. అందరికీ సరిగ్గా పదేసి వస్తేనే వింత. ఎవరో ఒకరు ఆఖర్న ఉండి తీరతారు బావా. ఈ నెల మా అక్క. వచ్చే నెల ఇంకెవరో. ఒక బల్లకి పాతిక వచ్చిందనుకో, అప్పుడు అనుమానించు, నేనూ అనుమానిస్తా. పద్నాలుగులో అనుమానించడానికేం లేదు."

ఇన్నాళ్ళూ ఖాళీ పడ్డప్పుడల్లా ఏదో ఒక బల్ల మీద మనసులో కసురుకున్న మనిషి బావ. అయిదో బల్లవాళ్ళకి శ్రద్ధ తక్కువని ఎన్నిసార్లు అనుకున్నాడో! సిగ్గేసింది.

"మరి మేనేజర్‌కి ఎలా చెప్పను? నాకు మాటలు రావు కదా."

"మాటలెందుకు? చూపించు."

మర్నాడు బావ మేనేజర్ గది ముందు నిలబడి, లోపలికెళ్ళి, చెప్పదలుచుకున్నది చెప్పాడు. ఒక్కరోజు ఆరు బల్లల పెన్నులూ పెద్ద తొట్టిలో కలిపెయ్యమన్నాడు. బల్లకొకరు వచ్చి తొట్టిలోంచి ఇరవయ్యేసి తియ్యమన్నాడు, పదేసి సార్లు. తను ఎప్పటిలాగే రాసి చూస్తానన్నాడు. అన్నీ ఒకే తొట్టివి కాబట్టి తేడా వస్తే చేతుల వల్ల కాదని తేలుతుందన్నాడు. అన్నాక, తను ఇరవైకి మించి మాట్లాడానని తట్టి, ఠక్కున నోరు మూసుకున్నాడు. మేనేజర్ "చూద్దాం, నష్టమేముంది" అన్నాడు.

మంగళవారం షెడ్డు మధ్యలో తొట్టి పెట్టారు. అయిదో బల్ల తరఫున రావాల్సినావిడ ఆ రోజు సెలవు. "నేను తీస్తాను" అని మేనేజర్ చొక్కా చేతులు మడిచాడు. మూడో బల్ల తరఫున అక్క వచ్చింది, బావ వంక చూడకుండా. బావ రాస్తూనే ఉన్నాడు. వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆ రోజు చీటీల్లో ఆకాశమూ గుంతలూ లేవు, రాయడానికి ఏమీ తోచక షెడ్డులో కనిపించిన వస్తువుల పేర్లన్నీ రాసేశాడు.

సాయంత్రానికి తేలింది. ఎక్కువ వాపసులు అయిదో బల్లకి, మూడు. తీసినవాడు మేనేజర్. షెడ్డంతా నవ్వు ఆపుకోలేకపోయింది.

"నా చెయ్యి ఇంత చెడ్డదా?" అని అతనూ నవ్వేశాడు. తర్వాత మూడో బల్ల వైపు తిరిగాడు. "మీకు ఒక్కటీ రాలేదు. ఆరు బల్లల్లోకీ మీరే..."

"సార్," అంది అక్క. "సున్నా వచ్చింది కదా అని మమ్మల్ని మెచ్చుకోకండి. పోయిన నెల పద్నాలుగూ మా తప్పు కాదు, ఈ సున్నా మా గొప్పా కాదు. మా పనితనం చూడాలనుంటే మూత ఊడినవి, టిక్కుమననివి ఎన్నొచ్చాయో చూడండి. రీఫిల్లులో సిరా పోసేది మేం కాదు."

మేనేజర్ నవ్వు తగ్గింది. తొట్టి వంక, దాని వెనక డ్రమ్ము వంక చూశాడు. బల్లలెక్కడివక్కడే ఉంటాయన్నాడు. అక్కడినుంచే రీఫిల్లులవాళ్ళకి ఫోను చేసి, అందరూ వినేలా చీవాట్లు పెట్టాడు. కళ్ళద్దాల అత్త మళ్ళీ అద్దాలు తుడుచుకుంది.

బావకి గుండె నిండిపోయింది. కానీ ఆ సాయంత్రం కూడా అక్క ముందే నడిచింది. "బల్ల నిలబడింది, అది వేరు" అని దారిలో కరెంటు స్తంభానికి చెప్పింది.

బుధవారం పొద్దున్న మూడో బల్ల నుంచి మొదటి పెట్టె వచ్చింది. బావ ముందే మనసులో మాటలు కూర్చుకుని వచ్చాడు. సరిగ్గా ఇరవై. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఇరవై పెన్నులు తీసి రాశాడు.

'నువ్వు మాట్లాడని ఈ వారం రోజులూ అన్నం రుచిగా లేదు, నిద్ర సరిగ్గా పట్టలేదు, తప్పు నాదే, ఇంకెప్పుడూ రెండోసారి తీయను, ఈరోజు ఇంటికి కలిసి వెళ్దాం.'

అలా రాయాలనుకున్నాడు. కానీ 'తప్పు' తర్వాతి పెన్ను రాయలేదు. 'ఇంకెప్పుడూ' తర్వాతిదీ రాయలేదు. పోనీలే, రెండే కదా అనుకున్నాడు. 'ఇంటికి' దాటాక పెన్ను మళ్ళీ గీరుకుంది.

మూడు ఖాళీలు. బావ పెట్టె వంక చూశాడు. అందులో ఇంకా పెట్టెడు పెన్నులున్నాయి. చెయ్యి పెట్టలేదు. వాపసు ముద్ర తీసి, ఈసారి వంకర పోకుండా కొట్టి, చీటీతో సహా పంపించేశాడు. అవతల మూడో బల్ల దగ్గర గుసగుసలు, ఆ తర్వాత అక్క పక్కన కూర్చునే కబుర్ల వదిన పకపకా నవ్వడం వినిపించాయి. బావ తలెత్తలేదు.

పెట్టె సరిచూసి మళ్ళీ పంపేసరికి సాయంత్రమైంది. పైన అదే చీటీ ఉంది. ఖాళీలు లేవు. మూడు చోట్లా గుండ్రటి అక్షరాలు, అక్కవి. 'తప్పు' పక్కన 'మీదే' అని ఉంది. 'ఇంకెప్పుడూ' పక్కన 'రెండోసారి' అని, ఆయన మనసులో ఉన్నట్టే. 'ఇంటికి' పక్కన, మిగతా వాటికన్నా పెద్ద అక్షరాలతో, 'కలిసి'.

గంట కొట్టారు. బావ సంచి తీసుకుని బయటికొచ్చేసరికి అక్క గేటు దగ్గర నిలబడి ఉంది, ముందుకి నడవకుండా.

"ఈ నెల మొదటి వాపసు" అంది, గోడకి కాదు, ఆయనకే. "నెలకి పది మా వాటా అట కదా. ఇంకా తొమ్మిదున్నాయి, భయపడకండి."

బావ ఏదో చెప్పబోయాడు. అక్క ఆయన చేతిలోంచి సంచి అందుకుంది.